మేకుల సెట్టి నిలబెట్టిన రాయి

మా వీధిలో ఎవరినైనా ఆపి మాధవయ్య ఇల్లు ఎక్కడ అని అడిగి చూడండి. ఏ మాధవయ్య అని మిమ్మల్నే ఎదురు అడుగుతారు. మేకుల సెట్టి ఇల్లు అంటే మాత్రం పాలు తాగే బిడ్డ కూడా వేలు చూపిస్తుంది. ఆళ్లగడ్డలో అహోబిలం పోయే రోడ్డు నుంచి పక్కకు తిరిగితే మా వీధి. అందులో మూడో ఇల్లు ఆయనది. ముందర అంగడి, వెనక కాపురం. మేకులు, బోల్టులు, తాళాలు, గొళ్లేలు, రంగు డబ్బాలు అమ్ముతాడు. వాళ్ల నాయన కాలం నుంచి అది మేకుల సెట్టి అంగడే. నాయన పోయాక ఆ పేరు కొడుకు నెత్తికెక్కి కూర్చుంది. పెండ్లి పత్రికలు పంచే వాళ్లు కూడా పైన 'మేకుల సెట్టి గారికి' అని రాసి ఇచ్చి పోతారు.

మనిషికో ఏడుపు ఉంటుంది. నన్ను ఒక్కరూ మాధవయ్య అని పిలవరే అన్నది ఈయన ఏడుపు. అరవై దాటిన మనిషికి ఇంకే బాధా దొరకలేదు.

ఆ బాధతోనే ఆయన దానాలు మొదలుపెట్టాడు. దానమంటే మీరు గొప్పగా అనుకునేరు. మా కల్యాణ మండపానికి ఒక సీలింగు ఫ్యాను ఇచ్చాడు. ఒక రెక్క మీద 'దాత' అనీ, రెండో రెక్క మీద 'మాధవయ్య' అనీ, మూడో రెక్క మీద 'ఆళ్లగడ్డ' అనీ ఎర్ర రంగుతో రాయించాడు. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు, ఎర్రగా ఒక సున్నా కనపడుతుంది. ఈ సంగతి ఆయనకు ఇచ్చాక తెలిసింది. నడి ఎండాకాలంలో ఒక పెండ్లి జరుగుతూ ఉండగా, పెండ్లికూతురి కల్యాణ బొట్టు చెమటకు కరిగి ముక్కు మీదికి కారుతూ ఉంటే, ఈయన పోయి ఫ్యాను ఆపించాడు.

"రవ్వంతసేపు ఉండనీ అప్పా. అందరూ చూడనీ" అన్నాడు.

పెండ్లికూతురి నాయన లేచి వచ్చి స్విచ్చి వేశాడు. "చూసినారులే. అది మేకుల సెట్టి ఫ్యాను అని అందరికీ తెలుసు" అన్నాడు.

ఆ రోజు ఆయన భోజనం చేయకుండా వచ్చేశాడని విన్నాను. వినడమేమిటి, నేను పక్క బంతిలోనే ఉన్నాను. ఆయన వదిలి లేచిన ఆకును కూడా చూశాను.

ఈ భూమ్మీద ఆయనను మాధవయ్య గారూ అని పిలిచేవాళ్లు ఒక్క ఇంట్లోనే ఉన్నారు. అది నంద్యాలలో ఆయన కూతురు జాహ్నవి మెట్టినిల్లు. సంబంధం కుదిరినప్పుడు ఈ మేకుల మాట వాళ్ల చెవిన పడకూడదని ఆయన పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. పెండ్లి కూడా ఇక్కడ పెట్టుకోలేదు, నంద్యాలలోనే చేశాడు. మా వీధి వాళ్లను పిలవలేదు. పిలిస్తే మేము పోయి నోరు తెరుస్తామని భయం. తెరిచేవాళ్లమే.

ఆ నంద్యాలకు ఒకసారి కూతురిని చూడటానికి పోయి వచ్చి, అన్నం మానేశాడు. నేను పెరుగు తోడు కావాలని వాళ్లింటికి పోయాను. తోడు మా ఇంట్లో ఉంది. వాళ్లింట్లో ఏం జరుగుతున్నదో మాత్రం మా ఇంట్లో ఉండి తెలుసుకోలేను కదా.

ఆయన భార్య హేమలత గిన్నెలో తోడు వేస్తూ చెప్పింది. "మా వియ్యంకుడు ఉండే వీధి మొగదాల నల్లరాయి నిలబెట్టినారంట అక్కా. వీధిని బాగు చేసినోళ్ల పేర్లు చెక్కినారంట. దాంట్లో మా వియ్యంకుడి పేరు మూడోది. అది చూసి వచ్చినప్పటి నుంచి ఈయనకు ముద్ద దిగడం లేదు. ఆ రాయి ఈయన కడుపులో పడినట్టుండాది."

"మూడో పేరుకే ఇట్లయితే మొదటిదైతే ఏమయ్యేవాడో" అన్నాను.

"అదే అనుకుంటాండాడు ఇప్పుడు. మన వీధికి కూడా సంఘం పెడతాడంట. పైన ఈయన పేరు."

ఆ విధంగా మా వీధికి సుందరీకరణ సంఘం పుట్టింది. ఒక మనిషి పేరు కోసం వీధిని బాగు చేయాలని ఇంకెక్కడైనా అనుకున్నారో లేదో నాకు తెలియదు.

వీధి ఎట్లా ఉండేదో కూడా చెప్పాలి. మొదటి ఇంటావిడ తన వాకిలి ఊడ్చి చెత్తను రెండో ఇంటి ముందరికి తోస్తుంది. రెండో ఆవిడ మూడో ఇంటికి. అట్లా తోసుకుంటూ తోసుకుంటూ చివరింట్లో ఉండే రంగనాయకమ్మ దగ్గరికి చేరుతుంది. రంగనాయకమ్మ మడి, ఆచారం ఎక్కువ గల మనిషి. ఆమె ఆ చెత్తంతా గంపకెత్తి వీధి పొడవునా మోసుకొచ్చి, రోడ్డు మొగదాల పాత గోడౌను గోడ పక్కన పోసేది. మగవాళ్లు గోడౌను గోడకు ఇంకో ఉపయోగం చూసుకున్నారు. అదీ మా వీధి ముఖం.

మేకుల సెట్టి అరుగు మీద మొదటి మీటింగు జరిగింది. పనీపాటా లేనివాళ్లు అందరూ వచ్చారు. మా ఎదురింటి శాంసన్ కూడా వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉన్న మాట అనకుండా ఉండలేడు, ఎవరేమన్నా పట్టించుకోడు.

"మన వీధిని నంద్యాల మాదిరి చేసుకోవల్ల" అన్నాడు సెట్టి.

"నంద్యాలలో దోమలు మనకంటే ఎక్కువప్పా. వాటిని కూడా తెస్తాండావా" అన్నాడు శాంసన్.

అయినా ఆదివారం ఆదివారం పని పెట్టుకున్నారు. గోడలకు రంగు కొట్టారు. ఏ రంగో తెలుసా. సెట్టి అంగట్లో ఏండ్ల తరబడి ఎవరూ కొనక మూలబడిన పిస్తా పచ్చ. మూత తీస్తే పైన మీగడ కట్టి ఉంది. దాన్ని కట్టెలతో చితక్కొట్టి, కలిపి, వీధి వీధంతా పూశారు. పూశాక శాంసన్ నడిమధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"సెట్టీ, అన్ని ఇండ్లకూ ఒకేసారి కామెర్లు వచ్చినట్టుండాది" అన్నాడు.

మొక్కలు నాటారు. మొక్క చుట్టూ ఇనుప కంచె, కంచెకు రేకు, రేకు మీద మాధవయ్య. మేకలు మొక్కను తిని రేకును వదిలిపెట్టాయి. ఇప్పటికీ ఆ రేకులు అట్లాగే ఉన్నాయి, ఉత్త కంచెలకు వేలాడుతూ.

ఇక ఊడ్చడం. సంఘంలోని మగవాళ్లకు ఊడ్చడమంటే ఫోటో. మేము వంగి ఊడుస్తూ ఉంటే ఫోన్లు పట్టుకుని వచ్చి, మా చేతుల్లో చీపుర్లు తీసుకుని, వరుసగా నిలబడి, ఫోటో దిగి, మళ్లీ మా చేతుల్లోనే పెట్టి పోయేవాళ్లు. ఒకాయన చీపురును తలకిందులుగా పట్టుకుని దిగాడు. ఆ ఫోటోను వాళ్లే ఊరంతా పంపించుకున్నారు. ఒక్క మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. గోడౌను గోడ పక్కన కుప్ప పోయింది. మేము ఆడవాళ్లం, శాంసన్, ఒక ట్రాక్టరు కలిసి దాన్ని ఎత్తేశాం. అది ఎత్తిన రోజు ఫోటో లేదు, కంపుకు ఎవరూ దగ్గరికి రాలేదు.

కుప్ప పోయి చోటు ఖాళీ కాగానే సెట్టి ముఖం వెలిగింది. రాయికి చోటు దొరికింది.

రాయి మీద ఎవరెవరి పేర్లు చెక్కాలని తగవు వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో అధ్యక్షుడు మాధవయ్య అన్న దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, రాయి ఆయనే తెస్తానన్నాడు కాబట్టి. కింద మిగతా మగవాళ్ల పేర్లు. ఆడవాళ్ల పేరు ఒక్కటి లేదు. నేను అంగడికే పోయి అడిగాను.

"మా పేర్లు యాడ సెట్టీ?"

"ఇంటి యజమాని పేరుంటే మీరు ఉన్నట్టే గదా అక్కా."

"అట్లయితే నీ పేరు తీసేసి హేమలత పేరు పెట్టు. నువ్వు ఉన్నట్టే గదా."

ఆయన మేకులు తూకం వేయడం మొదలుపెట్టాడు. కొనేవాళ్లు ఎవరూ లేరు అక్కడ.

రాయి ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత కేశవను నిలబెట్టి అడిగి అంతా రాబట్టాను. కేశవ మా రోడ్డు మీదే విగ్రహాలు చెక్కే షెడ్డు నడుపుతాడు. రుద్రవరం పక్క ఒక పల్లె వాళ్లు ఆంజనేయస్వామిని చెక్కమని చెప్పారట. నిలువెత్తు బండ మీద స్వామి ఉబ్బెత్తుగా వచ్చాడు. అంతా అయ్యాక, తల మీదికి వంగిన తోక కొస దగ్గర ఉలి జారి పెచ్చు ఊడింది. పల్లె వాళ్లు వచ్చి చూసి, తోక తెగిన స్వామి మాకొద్దని పోయారు. ఆ బండ షెడ్డు మూల పడి ఉంది. మా ఊరి పనివాళ్లు విగ్రహానికి కళ్లు అన్నిటికంటే ఆఖరున తెరుస్తారు. కళ్లు తెరిచేదాకా అది వాళ్లకు రాయే. దాని మీదే టీ గ్లాసు పెట్టుకుంటారు. ఈ స్వామికి కళ్లు తెరవలేదు.

సెట్టి షెడ్డుకు పోయి, కొత్త బండ అయితే కొనాలి కదా అని, మూల పడి ఉన్న దాన్ని చూశాడు. దాని వీపు చదునుగా ఉంది.

"వెనకపక్క నునుపు పెట్టి పేర్లు చెక్కిస్తా. గోడకు ఆనించి సిమెంటు పెట్టుకో. ఈ పక్క ఎవరు చూస్తారు" అన్నాడు కేశవ. ఊరికే పడి ఉన్నదానికి చెక్కుడు కూలి వస్తుందని ఆయన ఆశ.

"తప్పు కాదు గదప్పా?" అన్నాడట సెట్టి.

"కళ్లు తెరవలేదు సెట్టీ. రాయే."

ఆయన అంతటితో ఆ మాట పట్టుకుని, గోడకు ఆనించి ఉంటే మాకెవరికీ ఏ సంగతీ తెలిసేది కాదు. కానీ గోడకు ఆనిస్తే కరెంటు స్తంభం అడ్డం వస్తుంది. అహోబిలం బస్సుల్లో పోయేవాళ్లకు పేరు సగమే కనపడుతుంది. సగం మాధవయ్య ఆయనకు చాలడు. అందుకని రాయిని ముందరికి జరిపించి, రోడ్డు వైపు తిప్పి పాతించాడు. వెనక, గోడకూ రాయికీ మధ్య మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు మిగిలింది. ఆ పక్క రాయికి గోనె పట్టా చుట్టి తాడు కట్టాడు.

రిబ్బను కత్తిరించారు. చిత్రాన్నం పంచారు. రాయి మీద పేరు ఎండకు మెరిసింది. ఆ రోజంతా సెట్టి అంగడి వదిలి రాయి పక్కనే నిలబడ్డాడు. బస్సు పోయినప్పుడల్లా కిటికీల్లోకి చూశాడు, ఎవరు చదువుతున్నారా అని. బస్సుల్లో వాళ్లు నిద్రపోతున్నారు. శాంసన్ వచ్చి వేలు పెట్టి చదివాడు.

"మాధవయ్య అంట. ఎవరప్పా ఈయన, మన వీధేనా?"

సెట్టి నవ్వాడు. ఆ రోజు ఆయనకు ఏమన్నా నవ్వే. ఆదివారం వియ్యంకుడు నరేంద్ర నంద్యాల నుంచి రాయి చూడటానికే కారులో వస్తున్నాడు. ఇక్కడ నరేంద్రకు మూడో పేరు కాదు, మొదటి పేరు చూపించాలి. అదొక్కటే ఆయనకు కావలసింది.

శుక్రవారం పొద్దున నేను అటు పోయాను. రాయికి గోనె పట్టా ఎందుకు కట్టారు, దానికేమన్నా చలి పెడుతుందా అని నాకు రెండు రోజుల నుంచి నిద్ర లేదు. సందులో దూరి తాడు విప్పాను. పట్టా కింద పడింది. ఎదురుగా ఆంజనేయస్వామి. గద భుజాన, చేయి పైకెత్తి, గోడౌను గోడ వైపు చూస్తూ. చూస్తూ అంటున్నాను గానీ కళ్లు లేవు. నా ముక్కుకూ ఆయన ముక్కుకూ మధ్య జానెడు చోటు.

ఎవరికీ చెప్పొద్దని చెప్పి ఒక్క రంగనాయకమ్మకు చెప్పాను. ఆమెకే ఎందుకంటే, ఆమెకు చెబితే మిగతా వాళ్లకు చెప్పే పని నాకు తప్పుతుంది.

రంగనాయకమ్మ తలస్నానం చేసి, నూనె గిన్నె, సింధూరం, కాటుక భరిణె పట్టుకుని వచ్చింది. సందులో దూరి స్వామికి నూనె పూసింది, సింధూరం పెట్టింది. తర్వాత వేలికి కాటుక తీసుకుని రెండు కళ్లూ దిద్దింది. వెనక వరుసగా ఆడవాళ్లు టెంకాయలు పట్టుకుని నిలబడ్డారు. సందు చిన్నది కాబట్టి ఒకరు పోతే ఒకరు వెనక్కి రావాలి. వరుస మేకుల సెట్టి అంగడి దాకా వచ్చేసరికి ఆయనకు తెలిసింది.

పరుగెత్తుకుని వచ్చాడు. "ఏం చేస్తాండారు మీరంతా? అది రాయి."

"నీ పేరుంటే రాయి కాదు, స్వామి ఉంటే రాయా" అంది రంగనాయకమ్మ సందులో నుంచి.

"దానికి కళ్లు తెరవలేదు."

"ఇప్పుడు తెరిస్తిమి."

"కాటుకతోనా?"

"మా బిడ్డలకు కూడా కాటుకే దిద్దినాం. బాగానే చూస్తాండారు."

ఆయన నా వైపు తిరిగాడు. "మహానందక్కా, నువ్వన్నా చెప్పు."

"నేనేం చెప్పేది సెట్టీ. స్వామిని గోడకు పెట్టి, నువ్వు రోడ్డుకు నిలబడితివి. రాయిని తిప్పమని అందరూ అంటాండారు."

 తిప్పితే ఆయన పేరు గోడకు పోతుంది. తెలివైన వాళ్లను పిలిచి అడుగుదాం, శాస్త్రం ఏం చెబితే అది చేద్దాం అన్నాడు. శనివారం మోటారు సైకిలు మీద అహోబిలం పోయి రామానుజం స్వామిని కూర్చోబెట్టుకుని వచ్చాడు. గుడి సేవలో ఉన్న కుటుంబం, శాస్త్రం చదువుకున్న మనిషి. మా వీధంతా రాయి చుట్టూ చేరింది. అంగళ్లు కూడా మూసేశారు. ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత వేస్తూనే ఉంది, పోయి ఆపేవాళ్లు లేరు.

రామానుజం స్వామి సందులో దూరి బయటికి వచ్చాడు. పంచె దులుపుకున్నాడు.

"ప్రతిష్ఠ జరగలేదు. తోక కొస భిన్నమై ఉంది. దీనికి పూజ కూడదు" అన్నాడు.

"విన్నారు గదా" అన్నాడు సెట్టి. ఆయన గొంతు లేచింది. "విన్నారు గదా అందరూ. శాస్త్రం ఒప్పుకోదు. నేను మొదటి నుంచి అదే చెప్తాండా."

"అంతా బాగుంది. అయితే ఒక మాట" అన్నాడు రామానుజం స్వామి. రాయి ముందరికి వచ్చి పేర్లు చదివాడు, నిదానంగా. "స్వామి రూపం గోడకు తిప్పి, మనుషుల పేర్లు వీధికి పెట్టుకోవాలన్నది ఎవరి ఆలోచన?"

 అందరూ సెట్టినే చూశారు. ఆయన రాయిని చూశాడు. రాయి మీద సమాధానం ఉంది, అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో.

శాంసన్ ముందుకు వచ్చాడు. "నా పేరు కూడా ఆ పక్కే ఉండాది స్వామీ. మీ దేవుడి వీపు మీద నా పేరు ఉండాదని మా చర్చిలో తెలిస్తే నాతో మాట్లాడరు. నాకేం అభ్యంతరం లేదు. ఆయన ఇటు రానీ, నేను గోడకు పోతా."

జనం నవ్వారు. సెట్టికి ఆ నవ్వుతో దారి మూసుకుపోయింది. శాంసన్ వెనక్కి తగ్గాక అధ్యక్షుడు తగ్గకుండా ఎట్లా ఉంటాడు. పైగా ఆ గుంపులో సగం మంది ఆయన అంగట్లో కొనేవాళ్లే. 

"తిప్పుదాంలే" అన్నాడు.

దాన్ని భక్తి అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నేను అనుకోలేదు.

అప్పుడు చూడాలి మా వీధిని. సంఘం పెట్టిన నాటి నుంచి ఏ ఆదివారమూ అంతమంది రాలేదు. గడ్డపారలు వచ్చాయి, మోకులు వచ్చాయి, కేశవ షెడ్డు నుంచి పనివాళ్లు వచ్చారు. పడక మీద నుంచి లేవలేనని ఏడాదిగా మూలుగుతున్న ముసలాయన కూడా వచ్చి మోకు పట్టుకున్నాడు. ఎవరూ ఫోటో అనలేదు. వీధి మురుగు కాలువ తీయమంటే నడుము నొప్పి అన్నవాళ్లు రాయి కింద భుజం పెట్టారు. కాలువ అట్లాగే ఉంది, చెప్పడం మరిచాను. ఈరోజుకీ ఎవరూ తీయలేదు.

అందరూ రాయి అంచులు పట్టుకుంటే, సెట్టి ఒక్కడు తన పేరున్న చోట అరచేయి ఆనించి తోశాడు. రాయి తిరిగింది. స్వామి రోడ్డును చూశాడు, రంగనాయకమ్మ కాటుక కళ్లతో. ఒక కన్ను రెండోదానికంటే పెద్దది. పూజ కూడదన్న రామానుజం స్వామి మోటారు సైకిలు ఎక్కకముందే టెంకాయలు పగిలాయి. ఆయన వెనక్కి తిరిగి చూసి, ఎక్కి కూర్చున్నాడు.

మరుసటి రోజు నరేంద్ర కోడలు జాహ్నవిని వెంటబెట్టుకుని వచ్చాడు. నంద్యాలలో విత్తనాల వ్యాపారి. తెల్ల చొక్కా, మెడలో గొలుసు. కారు దిగగానే బూట్లు విప్పాడు, స్వామికి దండం పెట్టాడు, చుట్టూ తిరగబోయి సందు ఇరుకని మానుకున్నాడు, బొట్టు పెట్టుకున్నాడు.

"స్వామి కళ బాగుండాది మాధవయ్య గారూ. ఈ ఊరి పనివాళ్ల చేతిలోనే ఏదో ఉండాది" అన్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. "మీరు చెప్పిన రాయి యాడ?"

"ఇదే బావా. వెనకపక్క."

సెట్టి ఆయనను వెనక్కి తీసుకుపోయాడు. నేను కూడా పోయాను. నన్నెవరూ పిలవలేదు. నిన్న ఒక్కరోజులో ఆ సందు ఏమైందో సెట్టి చూసుకోలేదు పాపం. ముందర దేవుడు వచ్చేసరికి వెనక ఎవరికీ కనపడని చోటు అయింది. టెంకాయ చిప్పలు, అరటి తొక్కలు, ప్రసాదం తిన్న ఆకులు, ఎవరింట్లోదో పాచిపోయిన సాంబారు. కొత్త కుప్ప పెట్టడానికి మా వాళ్లకు ఒక్క రాత్రి కూడా పట్టలేదు. నరేంద్ర సాక్సులతో ఉన్నాడు. సందు మొగదాలే ఆగిపోయి ముక్కు మూసుకుని మెడ చాచాడు.

"కనపడతాందిలే, కనపడతాందిలే. పైనుండేది మీ పేరేనా? ఆకు అంటుకొని ఉండాది."

సెట్టి ఆకు తీయడానికి లోపలికి దూరాడు. అంతలో రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. ఎక్కడి వాళ్లో ఆడవాళ్లు నలుగురు టెంకాయల సంచితో ఉన్నారు.

"మేకుల సెట్టి ఆంజనేయస్వామి ఇదేనా అన్నా?" అని ఆటో అతను గట్టిగా అడిగాడు.

"ఇదే, దిగండి" అన్నాడు శాంసన్.

నరేంద్ర ముక్కు మీది చేయి తీశాడు. "మేకుల సెట్టి ఎవరు మాధవయ్య గారూ?"

సందులో సెట్టి ఆకు పట్టుకుని నిలబడ్డాడు. హేమలత నేల చూసింది. జాహ్నవి వాళ్ల నాయనను చూసింది. శాంసన్ నోరు తెరిచాడు. నేను ఆయన చేయి గిల్లాను. దయతో కాదు, సెట్టి ఏం చెబుతాడో వినాలని.

"ఎవరో పాతకాలం మనిషి బావా. మా వీధిలోనే ఉండె. ఆయప్పే ఈ స్వామిని నిలబెట్టినాడంట" అన్నాడు సెట్టి.

నరేంద్ర చేతులు జోడించాడు. "మంచి పని చేసినాడు మహానుభావుడు. మన పేరు వెనకుంటే ఏమండీ, అట్లాంటోళ్ల పేరు ముందరుండల్ల" అన్నాడు.

ఊరంతా పిలిచిన పేరును తనది కాదని అంత తేలికగా విదిలించుకున్న మనిషిని నేను చూడలేదు. ఇచ్చిన రాయి పోయింది, తోసిన కష్టం పోయింది, ఆఖరికి వచ్చిన గొప్ప కూడా ఎవరో పాతకాలం మనిషికి పోయింది. మధ్యాహ్నం వాళ్లింట్లో బొబ్బట్లు చేశారు. వాసన మా ఇంటి దాకా వచ్చింది.

సోమవారం పొద్దున నేను చాటలో చెత్త తీసుకుని ఆ సందు దగ్గరికి పోయాను. అందరూ అక్కడే వేస్తుంటే నేనొక్కదాన్ని ఎక్కడికి మోసుకుపోతాను. సెట్టి లోపల ఉన్నాడు. పంచె ఎగగట్టి, చీపురు పట్టుకుని, చిప్పలన్నీ గంపకెత్తుతున్నాడు. రాయిని తడిగుడ్డతో తుడిచాడని అక్షరాల్లో నీళ్లు చూస్తే తెలిసింది.

"ఇంక ఈడ వేయొద్దక్కా" అన్నాడు.

"ఈ సందులో నీ పేరు చదివేటోళ్లు ఎవరు సెట్టీ?"

"నువ్వు వచ్చినావు గదా. చదువు."

చాట చంకన పెట్టుకుని చదివాను. సుందరీకరణ సంఘం, అధ్యక్షుడు మాధవయ్య అని మొదలుపెట్టి శాంసన్ పేరు దాకా. ఆయన నా నోటినే చూస్తూ విన్నాడు. పై వరుస ఇంకోసారి చదవమన్నాడు. పొయ్యి మీద పాలు ఉన్నాయని చెప్పి, చెత్త చెత్తగానే ఇంటికి మోసుకొచ్చాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున అంగడి తెరవకముందే ఆయన అక్కడ ఉంటాడు. చెత్త పట్టుకుని వచ్చిన వాళ్లందరి చేతా చదివిస్తాడు. ఆ బాధ పడలేక అటు పోవడం మానేశారు. స్వామి ముందర పూలు, వత్తులు, నూనె జిడ్డు, కాలువ నిండా చిప్పలు. వెనక ఆ సందు మాత్రం అద్దంలా ఉంటుంది. చూడాలనుకునే వాళ్లు పొట్ట లోపలికి పీల్చుకుని పక్కకు తిరిగి దూరాలి.